కల్పోంగ్ ఒడ్డున అడిగిన ప్రశ్న

మొన్న జనవరిలో పోర్ట్ బ్లెయిర్‌లో మేము దిగిన ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. పన్నెండో తరగతి. తాత 1960లలో సోంపేట దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి ఊళ్లో పారిశుధ్య పని చేస్తాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ రెండేళ్ల కిందట బౌద్ధ దీక్ష తీసుకున్నారు. మేము చేరిన రాత్రే అమ్మాయి పై చదువు దరఖాస్తు తెచ్చి మా ముందు పెట్టింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపింది. రెండు గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఒకటి మతం, రెండోది కులం.

"ఇక్కడ ఎస్సీలే లేరన్నారు అంకుల్" అంది. ఆ మాట అన్నది ఒక కార్యాలయంలో కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. విసుక్కోలేదట, మామూలుగానే చెప్పాడట.

ఆయన చెప్పింది చట్టప్రకారం నిజమే. మా ఇద్దరిలో లా చదివిన మనిషి ఆ పాఠం ఎప్పుడో చదివి మరిచిపోయింది. రాజ్యాంగం 341వ అధికరణం కింద షెడ్యూల్డు కులాల జాబితాను రాష్ట్రపతి ఒక్కొక్క రాష్ట్రానికీ, కేంద్రపాలిత ప్రాంతానికీ విడివిడిగా ప్రకటించాలి. అండమాన్ నికోబార్ దీవులకు అలాంటి జాబితా లేదు. అందుకే 2011 జనగణనలో 3,80,581 మంది జనాభా ఉన్న ఈ దీవుల్లో షెడ్యూల్డు కులాల లెక్కే లేదు. అదే జనగణనలో ప్రతి వందమందిలో పదమూడుగురు తెలుగు మాతృభాష అని చెప్పారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన ఆ తెలుగువాళ్లలో మాలలు లేరా, మాదిగలు లేరా, రెల్లివాళ్లు లేరా? ఉన్నారు. లెక్కలో లేరు, అంతే.

అమ్మాయి అడిగినదానికి ఆ రాత్రి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. పొద్దున్నే దిగ్లీపూర్ ప్రయాణం పెట్టుకున్నాం. మూడు రోజుల్లో వస్తాం, ఆ రెండు గళ్లూ అలాగే ఉంచమ్మా అని చెప్పి పడుకున్నాం.

దిగ్లీపూర్ ఉత్తర అండమాన్‌లో పాత సెటిలర్ల ఊరు. అండమాన్ దీవుల్లో నది అని చెప్పుకోదగ్గది కల్పోంగ్. అది శాడిల్ పీక్ కొండల్లో పుట్టి ఆ ఊరి పొలాల మీదుగా పారి ఏరియల్ బే దగ్గర సముద్రంలో కలుస్తుంది. పర్యాటకులు అక్కడికి తాబేళ్ల కోసం, రాస్ అండ్ స్మిత్ ఇసుక తిన్నెల కోసం వెళ్తారు. మేము వెళ్లింది మనుషుల కోసం. ఆ నది పక్కన పొలాలు చేస్తున్నవాళ్లలో చాలామంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నమశూద్రులు.

మన పాఠకులకు నమశూద్రుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. బెంగాల్‌లో వాళ్లను చండాలురు అనేవారు. ఆ పేరు పోవాలని పోరాడి, 1911 జనగణన నాటికి నమశూద్ర అని రాయించుకున్నారు. హరిచాంద్ ఠాకూర్, ఆయన కొడుకు గురుచాంద్ ఠాకూర్ నడిపిన మతువా ఉద్యమం వాళ్లలో చదువును నిలబెట్టింది. 1946లో రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి బాబాసాహెబ్‌కు దారి మూసుకుపోయినప్పుడు బెంగాల్ శాసనసభ నుంచి ఆయనను గెలిపించడానికి ముందు నిలిచినవాడు బరిసాల్ జిల్లా నమశూద్రుడు జోగేంద్రనాథ్ మండల్. ఏడాది తిరిగేసరికి దేశం విడిపోయింది. బాబాసాహెబ్ బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికై భారతదేశానికి తొలి న్యాయమంత్రి అయ్యారు. మండల్ పాకిస్తాన్‌కు తొలి న్యాయమంత్రి అయ్యాడు. రెండు దేశాలకూ మొదటి న్యాయమంత్రులు అంటరాని కులాల్లో పుట్టినవాళ్లే. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో మాకు ఇంతవరకు కనపడలేదు. 1950లో మండల్ రాజీనామా చేసి కలకత్తా చేరాడు. ఆయనను నమ్ముకుని అక్కడే ఉండిపోయిన రైతులు కూడా తరవాతి సంవత్సరాల్లో మూటాముల్లే సర్దుకుని సరిహద్దు దాటారు. చేతిలో డబ్బూ, కలకత్తాలో చుట్టాలూ ఉన్న కులాలవాళ్లు నగరంలో కాలనీలు వేసుకున్నారు. నాగలి తప్ప ఏమీ లేనివాళ్లు క్యాంపుల్లో మిగిలారు. అక్కడి నుంచి కొందరిని దండకారణ్యానికి, కొందరిని అండమాన్‌కు పంపారు. అండమాన్‌కు మొదటి ఓడ 1949 మార్చిలో చేరింది. కుటుంబానికి అయిదెకరాల వరిపొలం, అయిదెకరాల కొండనేల ఇస్తామని చెప్పి తెచ్చారు.

బాబాసాహెబ్‌ను సభకు పంపిన జనం సముద్రం అవతల ఎలా ఉన్నారో చూసి రావాలని మాకు ఎన్నాళ్లుగానో ఉంది. ఇద్దరం యాభై దాటాం. ఇప్పుడు కాకపోతే మరి వెళ్లలేం.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. డ్రైవర్ పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టిన తెలుగు కుర్రాడు, జంగ్లీఘాట్ మత్స్యకార కుటుంబం. 2024లో ప్రభుత్వం ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చింది కదా, ఏమంటున్నారని అడిగితే నవ్వాడు. "బోర్డు మీద అది సార్, నోట్లో ఇది" అన్నాడు.

జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ వరసగా ఆగాయి. మనుషుల పేర్లు రాసిన కాగితం ఇవ్వాలి, గుర్తింపు కార్డులు చూపాలి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 49 కిలోమీటర్లు జరావాల అడవి. బండ్లు ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, అద్దాలు దించకూడదు. ముందూ వెనకా పోలీసు కాపలాతో గుంపుగా నడవాలి. జరావాలు 2011 లెక్కలో 380 మంది. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే నిబంధన చేశారు. ఆ తరవాతే ఈ రోడ్డును వాళ్ల అడవి మధ్యలోంచి వేశారు. రిజర్వు మీదుగా పోయే భాగాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2012లో నిబంధన సవరించి శిక్షలు పెంచారు. రోడ్డు నడుస్తూనే ఉంది. చట్టం చదివిన మేము ఆ రోడ్డు మీదే వెళ్లాం. సముద్రం మీదుగా వెళ్లే పడవ ఉంది, దానికి రెండు రోజులు ఆగాలి. ఆగలేదు. ఈ సంగతి దాచిపెట్టి వ్యాసం రాయడం సరి కాదు గనక రాస్తున్నాం.

అడవిలో ఒకచోట రోడ్డు వారగా ఒక పిల్లవాడు, వాడి వెనక ఒక స్త్రీ నిలబడి ఉన్నారు. బండ్లు వేగం తగ్గాయి. వాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. మేము చూడకూడదనుకుని తల దించుకున్నాం. ఆ తల దించుకోవడం మర్యాదో, తప్పించుకోవడమో మాకు తెలియలేదు.

మిడిల్ స్ట్రెయిట్‌లో బండితో సహా ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ దిగాం. సున్నపురాయి గుహలకు టికెట్లు అమ్ముతున్నారు, మేము ఆగలేదు. హంఫ్రీ జలసంధి మీద ఇప్పుడు పెద్ద వంతెన ఉంది. అది దాటితే మధ్య అండమాన్. రంగత్ చుట్టుపక్కల ఊర్ల పేర్లు చదువుతూ పోయాం. దశరథపురం, జనకపురం, పంచవటి, ఊర్మిళాపురం, శబరి. ఎవరో అధికారి రామాయణం దగ్గర పెట్టుకుని పేర్లు పంచినట్టుంది. మా ఆవిడ చాలాసేపు బోర్డులు చూసి, "శంబూకుడికి ఒక్క ఊరూ ఇవ్వలేదు" అంది. డ్రైవర్‌కు శంబూకుడెవరో తెలియదు. చెప్పాం. మాయాబందర్ వచ్చేదాకా మాట్లాడలేదు ఆ కుర్రాడు.

మాయాబందర్ దగ్గర వేబీ గ్రామంలో 1925లో బర్మా నుంచి తెచ్చిన కరెన్లు ఉన్నారు. అడవి పనికి ఛోటానాగ్‌పూర్ నుంచి 1918 మొదలు తెచ్చిన ఓరావ్, ముండా, ఖడియాల పిల్లలూ దారి పొడుగునా ఉన్నారు. వాళ్లను ఇక్కడ అందరూ రాంచీవాళ్లు అంటారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలు, ఇక్కడ కాదు. ఈ దీవుల షెడ్యూల్డు తెగల జాబితాలో ఆరే పేర్లు: అండమానీయులు, జరావాలు, ఓంగేలు, సెంటినలీయులు, నికోబారీయులు, షోంపెన్లు. రోడ్డు వేసిన చేతులకు ఆ జాబితాలో చోటు లేదు.

కుర్రాడు మాయాబందర్ టీ కొట్టు దగ్గర నోరు విప్పాడు. "ఇక్కడ కులం ఏటి సార్, నల్లనీళ్లు దాటేసరికి కడిగీసినట్టే అంటారు పెద్దోళ్లు. మేం అందరి ఇళ్లల్లో తింటాం. పెళ్లి మాటొచ్చిందంటే మాత్రం ఇంటిపేరు అడుగుతారు. ఆ ఇంటిపేరు మన సొంతూళ్లో ఎవరిదో ఫోన్ చేసి కనుక్కుంటారు." ఓడ మీద కులం వచ్చిందో లేదో గానీ ఫోన్ మీద మాత్రం వస్తోంది.

చెంగప్ప వంతెన దాటి, సాయంత్రానికి దిగ్లీపూర్ చేరాం. పెద్ద ఊరేమీ కాదు. బజారు వీధి, చేపల మార్కెట్టు, బస్టాండు, రెండు మూడు లాడ్జీలు. ఊరు దాటగానే వరికోతలైన మళ్లు, పోక తోటలు, ప్రతి ఇంటి ముందూ చిన్న చెరువు, చెరువులో బాతులు. బరిసాల్, ఫరీద్‌పూర్‌ల పల్లెను చుట్టి తెచ్చి ఇక్కడ విప్పి పరిచినట్టుంది. ఊర్ల పేర్లు కూడా ఇక్కడ బెంగాలీవే: సుభాష్‌గ్రామ్, రవీంద్రపల్లి, విద్యాసాగర్‌పల్లి, దేశబంధుగ్రామ్.

మేము వెళ్లాల్సిన ఇల్లు ఏటికి దగ్గర్లో ఉంది. పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. పసివాడుగా తల్లి ఒళ్లో ఓడ మీద వచ్చాడు. వసారాలో హరిచాంద్, గురుచాంద్‌ల పటాలు, వాటి పక్కన నేతాజీ. మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, టీ వచ్చాయి. మేము దాదా అని పిలిచాం. మాకొచ్చిన హిందీ అంతంతమాత్రం. ఆయన మాట్లాడేది దీవుల హిందీ, మధ్యలో బెంగాలీ. అందనిచోట మా డ్రైవర్ అందించాడు.

జోగేన్ బాబు పేరు చెప్పగానే ఆయన మొహం విప్పారింది. తండ్రి బరిసాల్‌లో ఆయన ఉపన్యాసం విన్నాడట. అంబేద్కర్ గారిని సభకు పంపింది మావాళ్లేనని ఆయనే మాకు చెప్పాడు, మేము చెప్పకముందే. మాకు ఉత్సాహం వచ్చింది. అక్కడే తప్పు చేశాం. సభల్లో మాట్లాడి అలవాటైన గొంతు బయటికి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లో నమశూద్రులు షెడ్యూల్డు కులం. ఇక్కడ మీరు బెంగాలీ సెటిలర్లు, ఓబీసీ జాబితాలో కరెన్లు, మోప్లాలు, భాంతులు, 1942కు ముందరి స్థానికులతో పాటు ఒక పేరు. బ్రాహ్మణ సెటిలర్, నమశూద్ర సెటిలర్ ఇద్దరూ ఒకే గడిలో. మీ చరిత్ర ఆ గడిలో మునిగిపోయింది. 341 కింద ఈ దీవులకు జాబితా కావాలని పార్లమెంటును అడగాలి, అర్జీ మేము రాసి పెడతాం. ఇలా ఒక అరగంట చెప్పి ఉంటాం. ఆయన అడ్డుపడకుండా విన్నాడు.

తరవాత అడిగాడు. "మీరు బౌద్ధులయ్యారు. కులం వదిలేశామన్నారు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేశామన్నారు. బాగుంది. మా నాన్న ఓడ దిగినప్పుడు గుమాస్తా జాతి ఏమిటని అడిగి, జవాబు వినకుండానే రిఫ్యూజీ అని రాసుకున్నాడట. పక్కనున్న ముఖర్జీకీ అదే రాశాడు. ఆ రోజు మా నాన్న ఏడ్చాడట, సంతోషంతో. అడవి నరికేటప్పుడు ఎవరి కుండలో నీళ్లు అని ఎవరూ అడగలేదు. మీరు దీక్ష తీసుకుని వదిలించుకున్నదాన్ని, మేము సముద్రం దాటి వదిలించుకున్నాం. దాన్ని మళ్లీ వెతుక్కోమని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?"

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. మన ఊళ్లలో దీక్ష తీసుకున్న ప్రతి ఇంటికీ పాతదే. దానికి మన దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. రోగం పేరు రాస్తేనే మందు ఇస్తారు, రాసినంత మాత్రాన రోగాన్ని ప్రేమించినట్టు కాదు. ఆ జవాబే చెప్పాం. వంద సభల్లో చెప్పినది. ఆయన మరమరాలు నోట్లో వేసుకుని, "రోగం తగ్గినవాడు కూడా రాయించుకోవాలా?" అన్నాడు.

మాకు మాట దొరకలేదు. జవాబు వంటింట్లోంచి వచ్చింది. ఆయన కోడలు, అప్పటిదాకా గిన్నెలు కడుగుతూ ఉన్నావిడ, గుమ్మం దాకా వచ్చి, "తగ్గలేదు బాబా" అంది. "తగ్గితే మీ మనవరాలి సంబంధం ఎందుకు తప్పిపోయిందో వీళ్లకు చెప్పండి." పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేసే బెంగాలీ పిల్లవాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. పిల్లవాడి తల్లి అన్నీ బాగున్నాయని, చివర్లో ఇంటిపేరు, పాత జిల్లా, పాత ఊరు అడిగింది. మరో వారానికి జాతకం కలవలేదని కబురొచ్చింది. ఆవిడ ఇదంతా గబగబా చెప్పేసి లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయన లేచి బాతులను గూట్లోకి తోలడానికి వెళ్లాడు. మళ్లీ ఆ రాత్రి ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. అన్నం, చేపల పులుసు పెట్టారు. తిన్నాం.

లాడ్జీకి వచ్చాక మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. కోడలు చెప్పింది విని మేము గెలిచినట్టు లోలోపల అనుకున్న మాట నిజం. అది సిగ్గుపడాల్సిన సంగతి అని మా ఆవిడ అంది. ఆ పిల్ల సంబంధం తప్పిపోవడం మన వాదానికి సాక్ష్యమా? పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఓడ దిగిన రోజున ఆయన తండ్రి నిజంగా మనిషిలా నిలబడ్డాడు. ఆ ఒక్కరోజు కోసం మహాడ్ చెరువు దగ్గర మనవాళ్లు తలలు పగలగొట్టించుకున్నారు. దాన్ని ఆయన ఎందుకు వదులుకోవాలి?

మర్నాడు పొద్దున్నే పెద్దాయనే లాడ్జీకి వచ్చాడు. నది చూపిస్తానన్నాడు. కోపమేమీ లేదు. కల్పోంగ్ మన గోదావరి, కృష్ణలు చూసిన కళ్లకు ఏరులా ఉంటుంది. రెండు ఒడ్లా పచ్చదనం, గోధుమరంగు నీళ్లు. ఒడ్డున మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డు. ఇక్కడివి ఉప్పునీటి మొసళ్లు. ఏటి మీద ఎగువన చిన్న జలవిద్యుత్తు కేంద్రం ఉంది, 5.25 మెగావాట్లది. ఆయన కొడుకు ఆ ఆనకట్ట కట్టినప్పుడు కూలికి వెళ్లాడట.

శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణి నీళ్ల తగాదా గుర్తొచ్చి ఆయనకు చెప్పాం. యుద్ధానికి ఒప్పుకోనన్నందుకు సిద్ధార్థుడు దేశం వదిలి వెళ్లాల్సి వచ్చిందని బాబాసాహెబ్ తన గ్రంథంలో చెప్పిన సంగతి. ఆయన ఆసక్తిగా విని, "అంటే ఆయన కూడా రిఫ్యూజీయేనా?" అన్నాడు. మేము ఎన్నోసార్లు చెప్పిన కథే. ఆ మాట ఎన్నడూ తట్టలేదు.

తరవాత పొలం గట్టు మీద ఒకచోట ఆగి కాలితో నేలను తట్టాడు. ఇక్కడ తండ్రి దున్నేటప్పుడు గవ్వల దిబ్బ బయటపడిందట. మనిషెత్తు దిబ్బ. తిని పారేసిన చిప్పలు, మధ్యలో నల్లటి పెంకులు, పందుల ఎముకలు. ఏళ్ల తరబడి ఎవరో కూర్చుని తిన్న చోటు. దాన్ని తవ్వి మడిలో గుంట పూడ్చారట. "పట్టాలో మాకంటే ముందు ఎవరి పేరూ లేదు. అడవి అని ఉంది" అన్నాడు.

ఎవరు తిన్నారో మాకు కొంచెం తెలుసు. ఉత్తర అండమాన్ జేరు, బో, కోరా, చారి తెగలవాళ్లది. బ్రిటిష్‌వాళ్లు 1858లో శిక్షా కాలనీ పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు పది తెగలు, వేలల్లో ఉండేవారు. 1877లో తట్టు సోకింది. సవాయి రోగం అంటింది. 1961 జనగణనకు మిగిలినవాళ్లు 19 మంది. వాళ్లను తరవాత స్ట్రెయిట్ ఐలండ్‌కు చేర్చారు. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ అనే ముసలామె 2010 జనవరి 26న చనిపోయింది. ఆ భాషలో మాట్లాడేందుకు తోడు లేక ఆమె పక్షులతో మాట్లాడేదని ఆమెను ఎరిగినవాళ్లు రాశారు.

ఇది చెబుతుంటే ఏటి అవతల బడిలో డ్రమ్ము మోగుతోంది. రిపబ్లిక్ డే కవాతుకు పిల్లలు సాధన చేస్తున్నారు. పెద్దాయన కాసేపు వింటూ నిలబడ్డాడు.

"మాకు పదెకరాలు ఇచ్చారు. ఇచ్చినవాడు ఎవరి దగ్గర తీసుకుని ఇచ్చాడో మేము అడగలేదు. అడిగే స్థితి లేదు" అన్నాడు. ఆ తరవాత, "ఇప్పుడు మీరు మాకో జాబితా రాయిస్తామంటున్నారు. వాళ్లకు ఏ జాబితా రాయిస్తారు?" అన్నాడు. వాళ్లు జాబితాలో ఉన్నారు దాదా, మొదటి పేరు వాళ్లదే అన్నాం. జాబితాలో ఉన్నారు, ఊళ్లో లేరు. ఆయన ఊళ్లో ఉన్నాడు, జాబితాలో లేడు. ఆయనతో ఇది అనలేదు. దారిలో మేమిద్దరం అనుకున్నాం.

వచ్చేటప్పుడు కోడలు పోకచెక్కలు మూటగట్టి ఇచ్చింది. పెద్దాయనకు వినపడకుండా, "ఆ అర్జీ రాస్తే నా సంతకం కూడా పెట్టించండి" అంది. ఆమె సంతకం, ఆమె మామగారి ప్రశ్న, రెండూ మోసుకుని తిరుగు ప్రయాణం చేశాం. జరావాల అడవిలో ఈసారి ఎవరూ కనపడలేదు.

పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి రాత్రయింది. అమ్మాయి కాగితం పట్టుకుని కూర్చునే ఉంది. మతం గడి తేలిక. 1950 ఉత్తర్వు హిందువులకే అని రాసింది, 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. బౌద్ధం అని రాస్తే పోయేదేమీ లేదని చెప్పాం. మన దగ్గరే ఎంతమంది దీక్ష తీసుకుని కూడా భయంతో హిందూ అని రాస్తున్నారో మాకు తెలుసు. ఈ పిల్ల భయపడలేదు. రాసేసింది.

కులం గడి కష్టం. తెనాలిలో పుట్టి తొమ్మిదో ఏట తండ్రి ఉద్యోగం వెంట బొంబాయి వెళ్లిన ఒక తెలుగు కుర్రవాడు ఆంధ్రలో షెడ్యూల్డు తెగ, మహారాష్ట్రలో కాదు. మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. ఒక రాష్ట్రంలోని హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనిషి వెంట అవమానం వస్తుంది, హోదా రాదు. మిగిలిన దారి ఒక్కటే. వలస వెళ్లిన తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన కుల ధ్రువపత్రం చూపిస్తే, దాని ఆధారంగా పిల్లలకు పత్రం ఇవ్వవచ్చని కేంద్రం ఉత్తర్వులున్నాయి. ఆ పత్రం దీవుల్లోని ప్రయోజనాలకు పనికిరాదు, కేంద్రం ఇచ్చే వాటికి, సొంత రాష్ట్రంలో ఇచ్చే వాటికి పనికొస్తుంది. ఇబ్బంది ఏమిటంటే తండ్రికి ఆ పత్రమే లేదు. ఆయన పుట్టింది ఇక్కడే. తాతకూ ఉండి ఉండదు. కాబట్టి ఎవరైనా సోంపేట వెళ్లి, ఆ పల్లెలో ఈ ఇంటిపేరు వాళ్లు ఇంకా ఉన్నారేమో, బడి రిజిస్టర్లో తాత తమ్ముళ్ల పేర్లేమైనా దొరుకుతాయేమో వెతకాలి.

"మన కులం మనకు రుజువు కావాలంటే ఆ ఊరే వెళ్లాలా?" అన్నాడు తండ్రి. ఏ ఊళ్లో నీళ్ల కోసం దూరంగా నిలబెట్టారని తన తండ్రి ఓడెక్కాడో ఆ ఊరే. అవునన్నాం.

అమ్మాయి దిగ్లీపూర్ సంగతులు అడిగింది. పెద్దాయన ప్రశ్న చెప్పాం. ఆమె కలం తిప్పుతూ ఆలోచించి, "ఆయనకు మీరేం చెప్పారు?" అంది. ఇంకా ఏమీ చెప్పలేదన్నాం. "నేనైతే సంతకం పెట్టే ఆవిడ పక్క" అంది. కాస్త ఆగి, "కానీ తాతయ్య పక్కన కూడా కూర్చోవాలనిపిస్తోంది" అంది.

మూలన మంచం మీద పడుకున్న నాయనమ్మ అప్పటిదాకా నిద్రపోతోందనుకున్నాం. లేచి కూర్చుంది. ఊరు విడిచి అరవై ఏళ్లు. ఆ పల్లెలో తమ పేట ఏ వైపున ఉండేదో, ఎవరి బావి దగ్గర ఆగేవాళ్లో, ఎవరు నీళ్లు పోసేవాళ్లో ఒక్కొక్కటే చెప్పసాగింది. మరిది పేరు, తోడికోడలి పేరు, మరిది పిల్లలు చదివిన బడి, బడి పక్క చింతచెట్టు. మా ఆవిడ బ్యాగ్‌లోంచి నోటుపుస్తకం తీసింది. నెమ్మదిగా చెప్పమ్మా అని రాసుకోవడం మొదలుపెట్టాం. విశాఖ ఓడ ఎప్పుడుందో కనుక్కోవడానికి తండ్రి ఫోన్ అందుకున్నాడు.